బద్ధకాన్ని లేపే మాట

డ్రైవరు జీవితంలో సగం తలుపుల బయటే గడిచిపోయింది. ఇది ఆయన ఫిర్యాదు కాదు, ఉద్యోగం. పెద్దసారు మీటింగుకు వెళ్తే గేటు బయట, విందుకు వెళ్తే మెట్ల కింద, చుట్టాలను చూడబోతే సందు చివర. ముప్ఫై నాలుగేళ్ళు కారు నడిపానని చెప్పుకునేవాడు గానీ, నిజానికి నడిపింది తక్కువ, ఆపుకుని కూర్చున్నది ఎక్కువ. కూర్చోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. విసుగు లేదు, ఆవలింత లేదు. పేపరు మొదటి పేజీ నుంచి, చివరి పేజీ అడుగున ముద్రించినవాడి పేరు దాకా చదువుకుంటూ ఎంతసేపైనా కూర్చోగలడు.

అందుకే, రిటైరైన తరువాత భార్య ఒక కుక్కను వెంటబెట్టుకుని వారం వారం ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. కారు నీడలో ఆపి, వార్డు బయట వరండాలో బెంచీ మీద పేపరు విప్పుకుని కూర్చునేవాడు. ప్రతి బుధవారం పదకొండింటి నుంచి పన్నెండింటి దాకా, నాలుగేళ్ళు.

అది పక్షవాతం వచ్చినవాళ్ళకూ తుంటి విరిగినవాళ్ళకూ మళ్ళీ నడక, మాట, చేతిపని నేర్పే ఆసుపత్రి. మనుషులు అక్కడ నెలల తరబడి ఉంటారు. మొదటి నెల చుట్టాలు పళ్ళు పట్టుకుని బారులు తీరతారు. మూడో నెలకు ఫోన్లు చేస్తారు. ఆరో నెలకు అవీ పలచబడతాయి. అలాంటి మంచాల మధ్య తిరగడానికి ఒక కుక్క ఉంటే బాగుంటుందని ఏ పుణ్యాత్ముడికో తోచింది. ఆవిడ తమ ఇంటి కుక్కను ఆర్నెల్లు శిక్షణకు తిప్పి, పరీక్ష పెట్టించి, దానికొక పసుపురంగు కోటు తెచ్చింది.

"ఒక్కసారి లోపలికి రాకూడదూ?" అని అడిగేది భర్తను.

"నాకా మందుల వాసన పడదు," అనేవాడు.

వాసన వట్టి వంక. మంచాన పడ్డ మనిషిని చూడాలంటే ఆయనకు భయం. ఘాటు రోడ్ల మీద ఎదురొచ్చే లారీలకు బెదరనివాడు ఆ వార్డు గడప నాలుగేళ్ళలో ఒక్కసారీ దాటలేదు. ఆవిడ లోపల ఏం చేసేదో, ఎవరి దగ్గర కూర్చునేదో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు.

కుక్క పేరు బద్ధకం. పెట్టింది ఆయనే. తేనెరంగు ఒళ్ళు, వేలాడే చెవులు, ఇరవై రెండు కిలోల బరువు. వీధిలో కొట్లాట జరిగినా, నెత్తిన పిడుగు పడ్డా నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని ఉండేది. తీరా చూస్తే ఆ బద్ధకమే దాని ఉద్యోగానికి అర్హత అయింది. రోగి చెవి పట్టుకుని లాగినా, పక్కనే స్టీలు పళ్ళెం పడి మోగినా అదిరిపడని కుక్క కావాలట వాళ్ళకు. ఆ పేరు మీద వార్డులో జోకులకు లోటు లేదు. "ఇవాళ బద్ధకం వచ్చిందా?" అని సిస్టరు అడిగితే, "నాకు రోజూ వస్తుందమ్మా" అని ఆయా జవాబు.

ఆవిడ పోయింది. ఒక ఉదయం, వంటింట్లో, గుండె ఆగి. అంతకు మించి ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూడవచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. తరువాత ఇంట్లో ఆయనా, బద్ధకమూ మిగిలారు. కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచి వంటింట్లోకి వెళ్ళేవాడు. అక్కడ కాసేపు నిలబడి తిరిగివచ్చేవాడు. కుక్క కళ్ళు మాత్రం ఆయన వెంట వెళ్ళి ఆయన వెంట వచ్చేవి.

ఆరో వారం ఆసుపత్రి నుంచి పెద్ద సిస్టరు ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఈ సమయంలో అడగకూడదు గానీ... బద్ధకం ఎలా ఉంది?"

"ఉందమ్మా. పెట్టింది తింటోంది. గుమ్మం దగ్గర పడుకుంటోంది."

"ఒక్కసారి తీసుకొస్తారా? మా టైలరమ్మ మళ్ళీ చెయ్యి ముడిచేసింది."

టైలరమ్మ ఎవరో ఆయనకు తెలియదు. తీసుకొస్తానని మాత్రం అనేశాడు. కాదనడానికి సమయానికి వంక దొరకలేదు.

బుధవారం పొద్దున్నే కుక్కకు నీళ్ళు పోశాడు, గోళ్ళు కత్తిరించాడు, కోటు తొడిగాడు. భార్య సంచీ తెరిస్తే లోపల టీకాల కాగితం, మడతపెట్టిన దుప్పటి, ఒక దువ్వెన ఉన్నాయి. దువ్వెన పళ్ళలో తేనెరంగు బొచ్చు ఉండలు చుట్టుకుని ఉంది. దాని మధ్యలో ఒక పొడుగాటి వెంట్రుక, సగం నెరిసింది. ఆయన సంచీ మూసేశాడు.

ఆసుపత్రిలో వార్డు గడప దగ్గరకు రాగానే కుక్క ఆగింది. పక్కకు జరిగింది. ముందు ఎవరో లోపలికి వెళ్ళాలన్నట్టు, వెళ్ళేదాకా ఉండాలన్నట్టు, ఒక క్షణం తల ఎత్తి చూసింది. ఆ తరువాతే కాలు లోపల పెట్టింది. ఆవిడ ముందు నడిచేది, కుక్క వెనక నడిచేది, అంతే. తెలిసినా ఆ ఒక్క క్షణం ఆయన కూడా పక్కకు జరిగే నిలబడ్డాడు.

లోపల పన్నెండు మంచాలు. రెండో మంచం పెద్దాయన బద్ధకాన్ని చూసి మొహం విప్పార్చి, డ్రైవరు భుజం మీదుగా వెనక్కి చూసి, "రా అమ్మా, రా. ఇన్నాళ్ళు ఏమైపోయావు?" అన్నాడు. డ్రైవరు వెనక ఎవరూ లేరు. పెద్దాయనకు జ్ఞాపకం సరిగా లేదని సిస్టరు చెవిలో చెప్పింది. చెప్పినా సరే, ఆ గంటసేపు డ్రైవరు మెడ తిప్పడానికి జంకాడు.

అయితే ఆ గంటలో ఆయన చూసినవి వేరే కూడా ఉన్నాయి. వ్యాయామం అంటే గోడ వైపు తిరిగి పడుకునే ఒక లావుపాటి మనిషి, బద్ధకం తాడు చేతికివ్వగానే ఊతకర్ర పట్టుకుని వార్డు చివరదాకా నడిచాడు. "నేను నడవట్లేదు, దీన్ని నడిపిస్తున్నా," అని అందరికీ చెప్పుకున్నాడు. కిటికీ దగ్గర మంచంలో రక్తపోటు దిగని ఒకావిడకు సిస్టరు పరీక్ష చేసింది, పావుగంట కుక్క తల ఒళ్ళో పెట్టుకున్నాక మళ్ళీ చేసింది. పై అంకె పద్దెనిమిది తగ్గింది. "మా మాత్రలకింత మర్యాద లేదు అన్నయ్యగారూ," అంది సిస్టరు. ఇదంతా నాలుగేళ్ళుగా గోడకు అవతల జరిగిందని, తను ఇవతల కూర్చుని వాతావరణ వార్తలు చదువుకున్నాడని ఆయనకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

ఏడో మంచం టైలరమ్మది. అరవై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, కుట్టు మిషనే సంసారం. ఎనిమిది నెలల కిందట కుడివైపు పడిపోయింది. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. మాట పూర్తిగా పోయింది. ఎవరేం చెప్పినా అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి మాత్రం ఒక్క అక్షరం పైకి రాదు. ఫిజియో అమ్మాయి ఆ పిడికిలి విప్పించడానికి చెయ్యని ప్రయత్నం లేదు. చివరకు డ్రైవరు భార్య కుక్కను పక్కన పడుకోబెట్టి, దువ్వెన ఆ చేతిలో పెట్టింది. ఆరు నెలల్లో మూడు వేళ్ళు విడివడ్డాయి. ఆవిడ రావడం మానేశాక ఆరు వారాల్లో మళ్ళీ ముడుచుకున్నాయి.

దుప్పటి పరవగానే బద్ధకం మంచమెక్కి టైలరమ్మ పక్కన సర్దుకుంది. ఆమె ఎడమచేత్తో దాని చెవి పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య గుడ్డ నాణ్యం చూసినట్టు రాసి రాసి చూసింది. కళ్ళనిండా నీళ్ళు. ఫిజియో అమ్మాయి కుడిచేతిని తెచ్చి బొచ్చు మీద పెడితే బొటనవేలు సన్నగా కదిలింది. "చూశారా బాబాయ్ గారూ!" అని ఆ పిల్ల గట్టిగా అరిచింది.

చిక్కంతా పన్నెండింటికి వచ్చింది. బద్ధకం లేవదు.

"పద," అన్నాడు డ్రైవరు. "రా. లే. దిగు." బిస్కెట్టు చూపించాడు. తాడు లాగాడు. అది ఆయన వంక దయగా చూసి తోక ఆడించింది, అంతే. ఆయనకేమో తల ప్రాణం తోకకు వచ్చింది. చివరకు ఆయనా ఆయా కలిసి దుప్పటి నాలుగు కొసలు పట్టుకుని మూటలా దించారు. టైలరమ్మ గొంతులోంచి ఒక ఏడుపు వచ్చింది. కుడిచెయ్యి మళ్ళీ రాయిలా బిగుసుకుంది.

సిస్టరు ఆయన్ని పక్కకు పిలిచి చెప్పింది. "రూలు ఉంది అన్నయ్యగారూ. మంచం మీదున్న కుక్క ఒక్క పిలుపుకు దిగిపోవాలి. పేషెంటుకు ఏదైనా అయితే డాక్టరుకు అడ్డం ఉండకూడదు కదా. మనిషి మారారు కాబట్టి మళ్ళీ పరీక్ష పెడతారు. వచ్చే బుధవారం కాదు, ఆ పై బుధవారం పరీక్ష పెట్టే ఆయనొస్తాడు. అప్పటికీ లేవకపోతే ఇంక దీన్ని రానివ్వరు."

"మా ఆవిడ ఎలా లేపేది?"

"దాని చెవిలో ఏదో చెప్పేది. చెప్పి, సంచీ సర్దుకుని వెళ్ళేది. అది దిగి వెళ్ళిపోయేది. చెవిలో ఏమనేదో మేమెవరం వినలేదు."

ఆవిడ చేసిన పనుల్లో ఇంకా ఆగకుండా నడుస్తున్నది ఇదొక్కటే. ఇదీ ఆగిపోతే ఆవిడ రెండోసారి పోయినట్టే అనిపించింది ఆయనకు. పైగా ఆ ముడుచుకున్న చెయ్యి కళ్ళముందు నుంచి పోవడం లేదు. సరే, మాట వెతకాలి.

వెతికాడు. ఇంట్లో బద్ధకాన్ని మంచం మీదికి ఎక్కించడం, చెవిలో ఏదో ఒకటి చెప్పడం, అది లేస్తుందేమోనని చూడడం. బంగారం అన్నాడు. కన్నా అన్నాడు. నాన్నా, చిట్టీ, నా తండ్రీ అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో భార్యతో ఒక్కసారీ అనని మాటలన్నీ వారం రోజుల్లో కుక్క చెవిలో అన్నాడు. అది బెల్లం కొట్టిన రాయిలా వింది. ఆవిడ పుస్తకాల అర, డైరీలు, శిక్షణ కాగితాలు తిరగేశాడు. కాగితాల్లో 'దిగు' అనే ఉంది. దిగు అంటే దిగడం లేదు కదా మరి.

రెండో బుధవారం వార్డులో మళ్ళీ అదే తంతు. గంటసేపు అంతా బాగానే ఉంది. టైలరమ్మ చేతిలో బొటనవేలూ చూపుడువేలూ విడివడ్డాయి. పన్నెండయ్యేసరికి బద్ధకం మళ్ళీ బండరాయి. డ్రైవరు తెలిసినవన్నీ వల్లించాడు. ఇటు భోజనాల బండి వచ్చేసింది. నోరు ఎండిపోయి, చెమటలు పట్టి, "ఒక్క నిమిషం గాలి పీల్చుకుని వస్తా సిస్టర్," అని వరండాలోకి వచ్చాడు. పాత బెంచీ మీద కూలబడ్డాడు. ఆవిడ పోయాక దాని మీద కూర్చోవడం అదే మొదలు.

లోపలి నుంచి పిలుపు వినిపించింది.

"ఏమండీ..."

ఆయన లేచాడు. ఆలోచించి లేవలేదు, కాళ్ళే లేచాయి. తలుపు దగ్గరకు పరుగున వచ్చేసరికి లోపలి నుంచి బద్ధకం గోళ్ళు టకటకలాడించుకుంటూ ఎదురొచ్చింది. ఇద్దరూ గడప దగ్గర ఎదురుపడి ఆగిపోయారు. ఒకరి వెనక్కి ఒకరు తొంగిచూశారు, ఆవిడ కోసం.

సిస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఫిజియో అమ్మాయి చేతిలో దువ్వెన అలాగే ఉంది. ఏడో మంచం మీద టైలరమ్మ, తన నోట్లోంచి ఏం వచ్చిందో తనకే తెలియక బిత్తరపోయి చూస్తోంది.

అది ఆవిడ పిలుపు. గొంతు టైలరమ్మది గానీ, రాగం అచ్చంగా ఆవిడది. మధ్యలో కాస్త పైకెత్తి, చివర సాగదీసి, వరండా దాకా విసిరినట్టు. గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేది. గొంతు పెంచేది ఆ ఒక్క మాటకే. ప్రతి బుధవారం పని కాగానే సంచీ సర్దుకుంటూ, బయట పేపర్లో మునిగిన భర్తను అలా పిలిచేది. ఆ పిలుపుకు బెంచీ మీద ఈయన లేచేవాడు, మంచం మీద అది లేచేది. ఆవిడ చెవిలో చెప్పినవన్నీ వట్టి ముద్దుమాటలు. వార్డు వార్డంతా ఆ గుసగుసల కోసం చెవులు రిక్కించింది గానీ, పన్నెండు మంచాలకూ వినపడేలా అన్న మాటను ఎవరూ లెక్కపెట్టలేదు. ఏమండీ అనేది కూడా ఒక మాటేనా! మొగుణ్ణి పేరు పెట్టి పిలవని ఆడదాని నోట రోజుకు వందసార్లు దొర్లుతుంది. పిలిపించుకున్నవాడికే తట్టలేదు, ఇంకొకరిని అనడమెందుకు?

"మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతింది బాబాయ్ గారూ," అంది ఫిజియో అమ్మాయి, ఏడుస్తూ నవ్వుతూ. "కానీ పాటలూ, తిట్లూ, రోజూ వినేవీ ఇంకోచోట దాక్కుంటాయి. వెతికితే దొరకవు. ఒక్కోసారి వాటంతటవే జారిపడతాయి. పిన్నిగారు పిలవగా పిలవగా ఈమెకు పట్టుబడిపోయింది."

అందరూ సంబరపడ్డారు. డ్రైవరు మాత్రం గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి కుక్కను కారెక్కించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఇది. పోయిన రోజు ఉదయం కూడా ఆవిడ పిలిచింది. వంటింట్లోంచి, అదే రాగంతో. ఆయన హాల్లో పేపరు చదువుతున్నాడు. "ఆఁ, వస్తున్నా," అన్నాడు. చదువుతున్న వార్త అయ్యేదాకా లేవలేదు. పాత వంతెన మీద రాకపోకలు ఆపేస్తారన్న వార్త. పదకొండు వాక్యాలు. రెండో పిలుపు రాలేదు కాబట్టి తొందరేమీ లేదనుకున్నాడు. వెళ్ళేసరికి ఆవిడ నేల మీద ఉంది, బద్ధకం పక్కన పడుకుని ఉంది. ఆ క్షణానే లేచి వెళ్ళినా చేయగలిగేది ఏమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు. అప్పటి నుంచీ ఇంట్లో ఆ పిలుపు వినపడుతూనే ఉంది. కూర్చున్నచోటు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళేది అందుకే. ఇన్నాళ్ళూ అది తన చెవుల్లోనే ఉందనుకున్నాడు. ఇప్పుడు పదిమంది విన్నారు.

పరీక్షకు వారం ఉంది. నియమం ప్రకారం ఆ మాట పలకవలసింది కుక్కను తెచ్చిన మనిషి, అంటే తను. కారు అద్దాలు ఎక్కించుకుని సాధన చేయబోయాడు. 'ఏ' దగ్గరే ఆగిపోయేవాడు. ఆ మాట ఆయన ఎన్నడూ పలికినవాడు కాదు. పిలిపించుకోవడమే తెలుసు. ఎవరిని పిలవాలి? పిలిస్తే ఎవరు పలకాలి?

మూడో బుధవారం గంట ముందే వెళ్ళి టైలరమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. బద్ధకం మధ్యలో పడుకుంది. ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు. మాట రాని మనిషి ఎవరితో అంటుందిలే అనుకున్నాడేమో కూడా. వంతెన వార్త దగ్గర నుంచి మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుక్క మెడ కింద చెయ్యి పెట్టే ఉన్నాడు. అక్కడ వెచ్చగా, మెల్లగా, తొణక్కుండా ఒక నాడి కొట్టుకుంటోంది. దాన్ని పట్టుకుని చివరిదాకా చెప్పగలిగాడు. టైలరమ్మ విని, ఓదార్చే మొహం పెట్టలేదు. ఎడమచేత్తో ఆయన చెయ్యి తీసి కుక్క చెవి మీద, తను రోజూ పట్టుకునే చోట పెట్టింది. ఆ చెవి ఎంత మెత్తగా ఉంటుందో ఆయనకు అన్నేళ్ళలో తెలియదు.

పరీక్ష పెట్టే ఆయన వచ్చాడు. చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. కుక్కను అటూ ఇటూ తిప్పి, పళ్ళెం పడేసి, చెవి లాగి చూశాడు. బద్ధకం అన్నీ ఓర్చుకుంది.

"ఇప్పుడు పిలవండి," అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు నోరు తెరిచాడు. నోరు పెగల్లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గాలి మాత్రం వచ్చింది.

"ఏమండీ..." అంది టైలరమ్మ.

బద్ధకం మంచం దిగింది. డ్రైవరును దాటుకుని, వరండాలోకి వెళ్ళి, ఖాళీ బెంచీ ముందు నిలబడి తోక ఊపింది.

పరీక్షాయన పెన్ను ఆగిపోయింది. "పిలిచింది పేషెంటు. అది వెళ్ళింది బెంచీ దగ్గరికి. ఇందులో మీరెక్కడ సార్?"

"అది ఆయన దగ్గరికే వెళ్ళిందండీ," అంది సిస్టరు. "ఆయన అక్కడుంటాడు. నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు."

పరీక్షాయన చెడ్డవాడు కాదు. డ్రైవరును బెంచీ మీద కూర్చోమని, టైలరమ్మను మళ్ళీ పిలవమన్నాడు. ఐదుసార్లు పిలిపించాడు. ఐదుసార్లూ కుక్క ఒక్క పిలుపుకే దిగి వెళ్ళింది, ఐదుసార్లూ డ్రైవరు మొహం పాలిపోయింది. పిలిచింది ఎవరైనా కుక్క తనను తెచ్చిన మనిషి దగ్గరికే వస్తోంది, అది చాలన్నాడు. లోపలి మంచాలన్నీ కనపడేలా బెంచీని తలుపుకు ఎదురుగా జరిపించి, పరీక్షాయన సంతకం పెట్టాడు.

అలా బుధవారాలు నిలబడ్డాయి. డ్రైవరు పదకొండింటికి లోపల తిరిగి, పన్నెండు కావస్తుంటే వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడు. పేపరు తెచ్చుకోవడం మానేశాడు. పిలుపు వచ్చేది. అది పూర్తయ్యేలోపే లేచేవాడు. గుండె ప్రతిసారీ గుభేలుమనేది. భయమే, కానీ ఆ భయం కోసమే వారమంతా ఎదురుచూస్తున్నానని తనకు తెలుసు. వారానికి ఒక్కసారైనా ఆవిడ పిలిచేది, తను ఆలస్యం చేయకుండా లేచేవాడు. ఇంట్లో పిలుపు వినపడడం ఆగిపోయింది.

టైలరమ్మ కోలుకోసాగింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఫిజియో అమ్మాయి ఇంకో మాట లాగింది, దాన్ని పట్టుకుని ఇంకోటి. నీళ్ళు. వద్దు. కత్తెర. చెవి. కుడిచెయ్యి పూర్తిగా విచ్చుకుని దువ్వెన పట్టింది, సూది పట్టింది. నడక వచ్చింది. వార్డులో అందరికీ పండగలా ఉంది. డ్రైవరుకూ సంతోషమే, అబద్ధం కాదు. కానీ బెంచీ మీద కూర్చున్నవాడికి ఇంకొకటి కూడా వినపడుతోంది. పిలుపులో మధ్యన పైకెత్తడం తగ్గింది. చివర సాగడం తగ్గింది. మాటలు వస్తున్నకొద్దీ ఆ మాట టైలరమ్మ సొంతమైపోతోంది. ఆమె ఎంత బాగుపడితే ఆవిడ అంత దూరం జరుగుతోంది. ఈ సంగతి ఎవరితో అనగలడు? ఆమెకు నయం కాకుండా ఉంటే బాగుండునని ఒక బుధవారం ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకున్నందుకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఆమె ఇంటికి వెళ్ళే రోజు కూడా బుధవారమే పడింది. పన్నెండింటికి ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఏదో గుసగుస, నవ్వులు. అప్పుడు టైలరమ్మ, వారం రోజులుగా రహస్యంగా నేర్చుకున్న మాట, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది.

"డ్రైవరు గారూ... వెళ్దాం... రండి."

అందరూ చప్పట్లు కొట్టారు. బద్ధకం లేచి దిగి వచ్చేసింది. ఇప్పుడు దానికి ఆమె ఏమన్నా ఒకటే. ఆయన కాళ్ళ దగ్గరకు వచ్చి పడుకుంది.

డ్రైవరు లేవలేదు.

"అన్నయ్యగారూ, వినపడిందా? ఎంత చక్కగా అందో!" అంది సిస్టరు.

"వినపడింది సిస్టర్," అన్నాడు. లేవలేదు.

టైలరమ్మకు అర్థమైంది. కర్ర ఊతంగా, ఫిజియో అమ్మాయి చెయ్యి పట్టుకుని, వార్డు దాటి, గడప దాటి, వరండాలోకి నడిచి వచ్చింది. బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది.

"అమ్మా," అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. "ఆ మాట ఒక్కసారి అంటారా? ఇదివరకటిలా."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎక్కడో వెతికింది. పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి. ఎంత వెతికినా ఆ రాగం దొరకలేదని ఆమె మొహంలోనే తెలిసిపోయింది.

"ఏమండీ," అంది చివరకు. పొట్టిగా, గరుకుగా, కొలతలకు వచ్చిన మనిషిని పిలిచినట్టు. అది టైలరమ్మ గొంతు. పూర్తిగా ఆమెదే. కాళ్ళ దగ్గర బద్ధకం చెవి కూడా కదపలేదు.

డ్రైవరు లేచాడు. లేచి నిలబడ్డాక ఎటు వెళ్ళాలో తెలియలేదు.